తుంగ

నల్లగొండ పెద్ద దవాఖాన, మగవాళ్ల వార్డు.
తెల్లారి ఐదింటికి నేను
మంచాల కమ్మీలను దూదిపుల్లతో తుడుస్తుంటాను.
ఒక్కో పుల్లకు ఒక్కో గొట్టం,
గొట్టం మీద మంచం నంబరు, తేదీ, నా పొట్టి సంతకం.
వారం తిరక్కుండానే వార్డు నాకు పేరు పెట్టింది:
పుల్లల డాక్టరమ్మ.

మొదట ఏడో నంబరు.
రూప్లా నాయక్, చందంపేట దిక్కు తండా.
తుంటి విరిగి వచ్చాడు. బొక్క అతుకుతోంది,
కడుపు జారిపోయింది.
రోజుకు పదకొండు సార్లు.
నోటితో చెప్పడానికి సిగ్గయి
గోడ సున్నం మీద గోరుతో గీతలు పెట్టాడు.

తర్వాత తొమ్మిది.
ఆ తర్వాత, నాలుగు మంచాలు దాటేసి,
పద్నాలుగు.
నా కాగితం మీద మూడు చుక్కలు.
కలిపే గీత దొరకదు.

"మందులు పడ్డయి గదమ్మా," అంటాడు రూప్లా,
"మా చెల్కల గిట్లనే అయితది.
కలుపుమందు కొడితే పల్లేరు బోయె, గరిక బోయె,
కూర వండుకునే ఆకు సుత బోయె.
తుంగ ఒక్కటే మిగిలె.
పైన ఎండుతది, లోపట గడ్డ బతికే ఉంటది.
ఖాళీ జాగ దొరికితే ఇగ దానిదే రాజ్జెం."

నేను పరీక్షకు రెండు రాత్రులు
నిద్ర మాని చదివిన పాఠం అది.

ఎండకు చావదు,
గోడకు తగిలించిన చేతిమందు సీసాకు చావదు.
సబ్బు రుద్ది, పారే నీళ్ల కింద చేతులు పెడితేనే
పట్టు వదులుతుంది.
సింకు పైన నవ్వుతున్న నర్సు బొమ్మ.
సింకులో ఎండిన టీ మరక.
నీళ్లు ఏడింటికి వస్తాయి.
వచ్చిన రోజు.

ఈదమ్మ కాంట్రాక్టు మనిషి. మూడు నెలల జీతం బాకీ.
ఉన్న ఒక్క జత గ్లవ్సులు ఉతికి
కిటికీ ఊచకు ఆరేస్తుంది.
గాలికి అవి ఎవరినో పిలుస్తున్నట్టు ఊగుతాయి.
చదువు రాదు, అంకెలు వచ్చు.
నా కాగితం మీదకు వంగి చూసింది:

"ఏడు, తొమ్మిది, పద్నాలుగు.
లేవలేనోళ్లు గా ముగ్గురే గద బిడ్డా.
బెడ్‌పాన్లు ఆరుండె. నాలుగు పగిలె.
ఒకటి ఆఫీసు రూముల పూలకుండి కింద పెట్టిండ్రు.
ఉన్నది ఒక్కటే.
రాత్రి నేనే మోస్త.
నీళ్లుంటే కడుగుత."

అంతవరకు చెప్పి ఆగింది.
బకెట్ చెయ్యి మార్చుకుంది.
"నా పేరు రాస్తవా?"

మూడు చుక్కల మధ్య గీత గీయాల్సిన పెన్ను
నా చేతిలోనే ఉంది.
గీస్తే అది ఆమె నడిచిన దారే అవుతుంది,
రాత్రి రెండింటికి, చీపురుతో సహా.

తాగిన నీళ్లు బొక్కలు వంచిన జిల్లా ఇది.
నీళ్ల మీద ఎన్ని రిపోర్టులు రాయలేదు!
రాని నీళ్ల మీద ఒకటి రాశాను.
'వ్యాప్తికి కారణం' అన్న గడిలో
ఒక కుళాయి, ఐదు బెడ్‌పాన్లు, మూడు నెలల జీతం.
మా సారు ఎర్ర ఇంకుతో చుట్టి
'ఇది సైన్సు భాష కాదు' అన్నారు.
మళ్లీ రాశాను. కుళాయిని మాత్రం తీయలేదు.

పద్నాలుగో మంచం ఖాళీ అయింది.
ఎట్లా ఖాళీ అయిందో
ఈదమ్మ పరుపు మడిచిన తీరులోనే తెలిసింది.

రూప్లా గీతలు ఏడయ్యాయి, మూడయ్యాయి,
ఒకనాడు గీతే లేదు.
చేతికర్ర పట్టుకుని దేవరకొండ బస్సెక్కాడు.
పోతూ పోతూ గోడ వైపు చూసి నవ్వాడు,
అప్పు తీర్చినవాడిలా.

ఆ గోరు గీతల్లో కూడా పుల్ల పెట్టి తిప్పాను.
గాలి తగలని డబ్బాలో రెండు రోజులు.
మూత తీస్తే గుర్రాల సాల వాసన అంటుంది పుస్తకం.
నాకు మాత్రం మా బర్రెల కొట్టమే.

పళ్లెం నిండా
తుంగ.